జలాశయంలో చేపపిల్ల బతకాలంటే: మేతను, నీటిని చదివే పద్ధతి

వానాకాలం నడిమికి వచ్చేసరికి జలాశయాల గట్ల మీద వ్యాన్లు బారులు తీరతాయి. ఆక్సిజన్ నింపిన సంచులు దిగుతాయి, ఫొటోలు తీసుకుంటారు, లక్షల చేపపిల్లలు నీళ్లలో కలిసిపోతాయి. ఏడాది తిరిగాక వల బరువెక్కకపోతే విత్తనం నాసిరకమని కొందరు, ఇంకా ఎక్కువ వదలాల్సిందని మరికొందరు అంటారు. వదిలిన నాటి నుంచి నెలన్నర పాటు ఆ నీళ్లలో ఏం జరిగిందన్నది మాత్రం ఎవరి పుస్తకంలోనూ ఉండదు. పంట తేలేది ఆ నెలన్నరలోనే.

ఈ సంగతి మత్స్యశాస్త్రంలో పాతదే. నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే దీన్ని ప్రతిపాదించాడు. ఒక ఏడు చేపలు విరివిగా దొరకడానికీ, మరో ఏడు కరవు రావడానికీ పిల్లల దశలో మేత దొరకడం, దొరకకపోవడమే మూలమన్నాడు. తర్వాత ఇంగ్లండుకు చెందిన డేవిడ్ కుషింగ్ దానికి కాలం కోణం జోడించాడు. నీళ్లలో మేత ఉంటే చాలదు, పిల్లల నోరు తెరుచుకునే వేళకే ఆ మేత ఉండాలి. వాళ్లు చూసింది సముద్రాన్ని. మన జలాశయాల్లో సమస్య ఇంకో మెట్టు ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ మేత కాలాన్ని ప్రకృతితో పాటు గేట్లు, తూములు కూడా నిర్ణయిస్తాయి.

తెలంగాణలో 2016-17 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ సాగుతోంది. చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు ఇవ్వాలన్నది అందులోని పద్ధతి. కిందివన్నీ ముఖ్యంగా చిన్న, మధ్యతరహా జలాశయాల్లో వేటాడే సహకార సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. తెలుపు నలుపు పళ్లెం ఒకటి, సన్నని గుడ్డ వల ఒకటి, ఒక నోటుపుస్తకం ఉంటే మొదలుపెట్టవచ్చు.

మొదటి మెట్టు: ఏ పిల్ల ఏం తింటుందో తెలుసుకోవడం

కార్పు జాతి పిల్లలన్నీ మొదట్లో ఒకే పళ్లెంలో తింటాయి. గుడ్డు పొదిగిన మూడు రోజులకు పచ్చసొన సంచి కరిగిపోతుంది. అప్పటి నుంచి కంటికి ఆనని రోటిఫర్లు, ఆపైన మొయినా, దాఫ్నియా వంటి జంతుప్లవకాలే (నీటిలో తేలాడే చిట్టి జంతువులే) వాటి ఆహారం. బొచ్చె, రోహు, ఎర్రమోసు మూడూ చిన్నప్పుడు ఇంతే. పెరిగేకొద్దీ దారులు వేరవుతాయి. పైకి తెరుచుకునే పెద్ద నోటితో బొచ్చె పైపొరలోని జంతుప్లవకాలను జీవితాంతం వడకట్టుకుంటూ తింటుంది. రోహు నడిమి నీటికి చేరి వృక్షప్లవకాలు (నీటిలో తేలే సన్నని నాచు), మునిగిన రాళ్లకూ కొమ్మలకూ పట్టిన పాచి వైపు మళ్లుతుంది. ఎర్రమోసు అడుక్కు దిగి కుళ్లిన ఆకు, బురదలోని సేంద్రియ పదార్థం తింటుంది. బంగారు తీగ కూడా అడుగునే తవ్వుతుంది, పురుగులను ఎక్కువగా ఇష్టపడుతుంది.

వేలెడు పొడవు పిల్లను వదిలినప్పుడు అది ఈ మలుపులోనే ఉంటుంది. ఆ వారాల్లో పైనీటిలో జంతుప్లవకాలు పలచగా ఉంటే ముందు దెబ్బ తినేది బొచ్చె. అందుకే ప్రతి జలాశయంలోనూ ఒకే నిష్పత్తిలో మూడు రకాలు వదలడం నాకు నచ్చదు. అడుగు రాతినేలగా ఉండి బురద లేని చోట ఎర్రమోసుకు సగం వాటా ఇస్తే అది ఏం తిని పెరుగుతుంది?

కొరమీను కథ వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అయినా, చాలా జలాశయాల్లో దాన్ని ఎవరూ ప్రత్యేకంగా వదలరు, గడ్డి మొలిచిన అంచుల్లో అదే వానలకు గుడ్లు పెడుతుంది. పిల్లలు నారింజ ఎరుపు రంగులో గుంపుగా నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంటే కింద తల్లీతండ్రీ కాపు కాస్తుంటాయి. వాటికి మొదట ప్లవకాలు, తర్వాత పురుగులు, ఆ తర్వాత చిన్న చేపలు మేత. మేత తగ్గితే పెద్ద పిల్ల చిన్న పిల్లను మింగేస్తుంది. గుంపు కనిపించగానే కాపలా ఉన్న తల్లిని గాలానికో వలకో పట్టేవాళ్లు ఉంటారు. ఒక్క పూట కూర కోసం ఆ గుంపు మొత్తం పిట్టలపాలవుతుంది.

రెండో మెట్టు: నీటి కదలికను లెక్కకట్టడం

అసలు మర్మమంతా ఇక్కడే ఉంది. దీనికి నీటిపారుదల శాఖ రోజూ ఇచ్చే నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో అంకెలు చాలు. 11,574 క్యూసెక్కుల నీరు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. మీ జలాశయంలో 2 టీఎంసీలు ఉన్నాయనుకోండి. గేట్ల గుండా, కాలువల గుండా 5,800 క్యూసెక్కులు పోతోందంటే రోజుకు అర టీఎంసీ పోతున్నట్టు. అంటే నాలుగు రోజుల్లో జలాశయంలోని నీరంత నీరు బయటికి వెళ్లిపోతుంది. దాఫ్నియా వంటిది పుట్టి, పెరిగి, పిల్లలు పెట్టాలంటే వారం దాకా పడుతుంది. నాలుగు రోజులకోసారి మారిపోయే నీటిలో అది కుదురుకునే వీలే లేదు. చూడటానికి జలాశయం నిండుగా ఉంటుంది, పిల్లకు మాత్రం ఆ నీళ్లలో మేత ఉండదు.

పైగా వరదతో వచ్చే ఎర్రమట్టి వెలుతురును అడ్డుకుంటుంది. వెలుతురు లేక వృక్షప్లవకాలు తగ్గుతాయి, వాటిని తినే జంతుప్లవకాలూ తగ్గుతాయి. సన్నటి మట్టి రేణువులు దాఫ్నియా మేతను వడకట్టుకునే భాగాల్లో ఇరుక్కుని దాన్ని ఆకలితో ఉంచుతాయి. మట్టి పేరుకుని, ఔట్‌ఫ్లో తగ్గాక అసలు ఊపు మొదలవుతుంది. ముందు రోటిఫర్లు, వాటి వెనక దాఫ్నియా జాతివి, చివర్లో కోపిపాడ్లు అనే మరో రకం జంతుప్లవకాలు వరుసగా పెరుగుతాయి. పిల్లలను వదలాల్సింది ఈ ఊపు లేస్తున్నప్పుడు. వరద పోటులో వదిలితే మేత లేకపోవడమొక్కటే నష్టం కాదు, పిల్లలు అలుగు దూకి దిగువకు పోతాయి. కాలువ తూముకు జాలీ లేని చోట పొలాల్లోకి పోతాయి. నిండిన వెంటనే వదలాలన్న తొందర ఎక్కువగా కార్యక్రమాల తేదీలదే, చేపలది కాదు.

నీటిమట్టం పెరగడంలో ఒక మేలు ఉంది. ఎండాకాలం బయటపడిన అంచు నేలలో గడ్డి, కలుపు మొలుస్తాయి, పశువుల పేడ పడుతుంది. వానలకు అది మునిగితే కుళ్లి, పోషకాలను నీటిలోకి వదులుతుంది. పురుగులు, ప్లవకాలు ముందు పుట్టేది ఆ లోతు తక్కువ అంచుల్లోనే. పిల్లలు దాక్కునేదీ అక్కడే. మట్టం నెమ్మదిగా పెరిగి కొన్ని వారాలు నిలబడిన ఏడు, పిల్లలు బాగా దక్కుతాయి. గట్టిగా పెరిగి వారంలోనే దిగిపోతే జరిగేది తలకిందులు. బంగారు తీగ గుడ్లు గడ్డికి అంటుకుని ఉంటాయి, పొదగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా నీరు వెనక్కి తగ్గితే గుడ్లు ఎండకు ఎండిపోతాయి. బొచ్చె, రోహు గుడ్లకు ఈ బెడద లేదు. అవి దేనికీ అంటుకోకుండా ప్రవాహంలో తేలిపోతూ ఒక రోజులోపే పొదుగుతాయి. కానీ వాటికి వాగు పారాలి.

కొత్తగా కట్టిన జలాశయాల విషయంలో ఒక హెచ్చరిక. మునిగిన చెట్లు, పొలాలు, ఊళ్ల మట్టి నుంచి పోషకాలు విడుదలై మొదటి కొన్నేళ్లు చేప ఇబ్బడిముబ్బడిగా పెరుగుతుంది. ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ప్రపంచమంతటా చూసిన తీరు ఇది. 2022లో ప్రారంభమైన మల్లన్నసాగర్ లాంటి చోట్ల తొలి ఏళ్ల దిగుబడిని చూసి శాశ్వత లెక్కలు వేసుకోకూడదు.

మూడో మెట్టు: నీటి పారదర్శకతను కొలవడం

20 సెంటీమీటర్ల వెడల్పు రేకు పళ్లెం తీసుకుని, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలకు తెలుపు, మిగతా వాటికి నలుపు వేయండి. నడిమిన తాడు కట్టి, కింద బరువు తగిలించి, తాడుకు 10 సెంటీమీటర్లకో ముడి వేయండి. దీన్నే సెక్కీ డిస్క్ అంటారు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, పడవ నీడ పడే వైపు నీటిలోకి దించండి. కనిపించకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతు రెండూ రాసి సగటు తీయండి.

అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. 30 సెంటీమీటర్లకే పళ్లెం మాయమైతే అది మట్టి వల్లా, ప్లవకాల వల్లా అన్నది తేల్చాలి. గాజు సీసాలో నీరు పట్టి తెల్ల కాగితం ముందు పెట్టండి. ఎర్రగా, బూడిదరంగులో ఉండి కొన్ని గంటలకు అడుగున మట్టి పేరుకుంటే పిల్లలను ఆపండి. లేత ఆకుపచ్చగా, లేదా గోధుమ రంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటే ముందుకు వెళ్లవచ్చు. పళ్లెం రెండు మీటర్ల దాకా కనిపిస్తుంటే నీరు అద్దంలా ఉందని మురిసిపోకండి, అందులో మేత తక్కువ. చిక్కటి ఆకుపచ్చ తెట్టె కట్టి వాసన వస్తుంటే అది మరో రకం ప్రమాదం, దాని సంగతి ఐదో మెట్టులో.

నాలుగో మెట్టు: మేతను కళ్లతో చూడటం

జంతుప్లవకాలు పగలు లోతుకు దిగి, రాత్రి పైకి వస్తాయి. మధ్యాహ్నం పైనీటిని తోడి "మేత లేదు" అనేయడం పొరపాటు. తెల్లవారుతుండగానే పుట్టి మీద వెళ్లండి. సుమారు 60 మైక్రాన్ల నైలాన్ బోల్టింగ్ గుడ్డతో గరాటు ఆకారంలో వల కుట్టించి, కొసన గీతలున్న గాజు గొట్టం కట్టండి. పది లీటర్ల బకెట్‌తో ఐదుసార్లు, మొత్తం 50 లీటర్లు అందులో పోయండి. గొట్టంలో చిటికెడు ఉప్పు వేస్తే ప్లవకాలు చచ్చి అడుక్కు చేరతాయి. పావుగంట ఆగి ఎన్ని మిల్లీలీటర్లు ఉందో చూడండి. మట్టి ఉంటే ముందు అదే అడుగున బూడిదరంగు పొరగా కూర్చుంటుంది, దాని పైన ఉన్న లేత పొరనే కొలవాలి.

పిల్లల్ని పెంచే నర్సరీ చెరువుల్లో 50 లీటర్లకు 1 నుంచి 2 మిల్లీలీటర్లు ఉంటే మేత సమృద్ధిగా ఉన్నట్టు. పెద్ద జలాశయంలో ఆ అంకె ఆశించవద్దు. అక్కడ పోలిక మీ జలాశయంతోనే: ఈ వారం అంకె కిందటి వారం కంటే పెరుగుతోందా, వాగు కలిసే మూలలో ఎంత, ఆనకట్ట దగ్గర ఎంత. సాధారణంగా ఆనకట్ట ముందున్న లోతు నీటి కంటే, వాగులు కలిసే ఒడ్డు మడుగుల్లో ఎక్కువ కనిపిస్తుంది.

గొట్టంలో ఉప్పు వేయకముందే ఒక సీసాలో కాస్త విడిగా ఉంచుకుని, చీకటి గదిలో పక్కనుంచి టార్చిలైటు వేసి చూడండి. వెలుతురు వైపుకు చుక్కలు చేరుతుంటాయి. ఆగి ఆగి ఎగిరినట్టు పైకి లేస్తూ, మునుగుతూ ఉండేవి దాఫ్నియా జాతి. సూదిలా దూసుకుపోయి ఠక్కున ఆగేవి కోపిపాడ్లు. ధూళిలా మెల్లగా తిరిగేవి రోటిఫర్లు. వేలెడు పిల్లకు కడుపు నింపేవి మొదటి రెండూ. ధూళి ఒక్కటే కనిపిస్తే మేత ఇంకా ఎదగలేదన్నమాట, మరో వారం ఆగి మళ్లీ చూడండి. ఒకసారి ఇలా చూసినవాళ్లకు మైక్రోస్కోప్ లేదన్న బెంగ పోతుంది.

ఐదో మెట్టు: ప్రాణవాయువు, వేడిమి

మన కార్పులకు 25 నుంచి 32 డిగ్రీల నీరు సరిపడుతుంది. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైన ఉంటే మంచిది, 3కు దిగితే పిల్లలు తినడం మానేస్తాయి. పరీక్ష కిట్‌తో కొలిచేది సూర్యోదయానికి ముందే, రాత్రంతా నీటిలోని జీవాలన్నీ ఊపిరి పీల్చాక ఆక్సిజన్ అడుగంటేది అప్పుడే. తెట్టె కట్టిన చోట, ముసురు పట్టిన వారంలో, మునిగిన గడ్డి విపరీతంగా కుళ్లుతున్న మూలల్లో ఈ కొలత తప్పనిసరి. మేత పుష్కలంగా ఉన్న మడుగే ఊపిరాడని మడుగు కూడా కావచ్చు.

వేడిమికీ ఆకలికీ లంకె ఉంది. నీరు పది డిగ్రీలు వేడెక్కితే చేప శరీరం ఖర్చు చేసే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. మేత అంతే ఉండి వేడి పెరిగితే పిల్ల చిక్కిపోతుంది. ఆలస్యంగా వదిలిన పిల్లలు ఎండాకాలానికి చిన్నగానే మిగిలిపోతే రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

ఆరో మెట్టు: మింగేవి ఎవరు, పంచుకునేవి ఎవరు

వాలుగ, కొరమీను, జెల్లలు, నీటికాకులు ఎన్ని ఉన్నాయో మీ సంఘంలో ముసలివాళ్లకు తెలుసు. మింగే చేప మామూలుగా తన పొడవులో మూడో వంతు, మహా అయితే సగం ఉన్న చేపనే మింగగలదు. 30 సెంటీమీటర్ల వాలుగకు 4 సెంటీమీటర్ల పిల్ల సులువైన మేత, 10 సెంటీమీటర్ల పిల్ల కష్టమైన మేత. 80 నుంచి 100 మిల్లీమీటర్ల నిబంధన వెనక ఉన్న కారణం ఇదే. పొడవు తగ్గినా సంఖ్య పెంచి ఇస్తామంటే ఒప్పుకోకండి, ఆ పెరిగిన సంఖ్య వాలుగల కడుపులోకే పోతుంది. చిన్న పిల్లలే దొరికితే మడుగులో వల కంచె కట్టి, తవుడు, నూనెగింజల చెక్క వేస్తూ వేలెడు దాటేదాకా పెంచి ఆ తర్వాత వదలండి.

పరకల వంటి చిన్న చేపల విషయంలో తొందరపడి తీర్పు చెప్పలేం. అవి జంతుప్లవకాల్లో వాటా తీసుకుంటాయి, అది నిజం. అవి విరివిగా ఉన్నప్పుడు వాలుగ, కొరమీను వాటినే తిని మీ పిల్లల జోలికి తక్కువగా వస్తాయి, ఇదీ నిజమే. పరకలను పూర్తిగా ఊడ్చేస్తే ఆకలిగొన్న వాలుగ దేని మీద పడుతుందో చెప్పనక్కర్లేదు. తిలాపియా మాత్రం వేరు. ఏడాదిలో పలుమార్లు పిల్లలు పెడుతుంది, అన్నీ తింటుంది. దాన్ని ఎంత పట్టినా తప్పులేదు.

ఇక మనుషులు. శ్రీశైలం వెనక జలాల్లో అలివి వలల గొడవ ఏళ్లుగా వార్తల్లో ఉన్నదే. దోమతెరలాంటి ఆ వల ఒక్కసారి లాగితే పిల్ల చేపలన్నీ ఎండుచేపల కుప్పలో చేరతాయి. పై ఐదు మెట్లూ తుచ తప్పకుండా పాటించినా, వదిలిన మూలలో అలివి వల పడితే మిగిలేది సున్నా.

ఏడో మెట్టు: ఎన్ని వదలాలి

పూర్తిస్థాయి మట్టంలో 300 హెక్టార్లు, ఎండాకాలంలో 100 హెక్టార్లు ఉండే జలాశయానికి లెక్క ఆ రెంటి సగటు 200 హెక్టార్ల మీద వేయాలి. హెక్టారుకు 100 కిలోలు లక్ష్యమైతే మొత్తం 20,000 కిలోలు. చేప 800 గ్రాములకు పట్టదలిస్తే 25,000 చేపలు చేతికి రావాలి. నూటికి 25 పిల్లలు దక్కుతాయనుకుంటే లక్ష పిల్లలు కావాలి. నూటికి 10 మాత్రమే దక్కే చోట రెండున్నర లక్షలు కావాలి. మేత లేచేదాకా ఆగి, పొడవైన పిల్లను వదలడం వల్ల దక్కేవి 10 నుంచి 25కు పెరిగితే, లక్షన్నర పిల్లల ఖర్చు మిగిలినట్టే.

లక్ష్యాన్ని ఆకాశంలో పెట్టకండి. 1990ల నాటి అంచనాల్లో వెయ్యి హెక్టార్ల లోపు జలాశయాల దేశ సగటు హెక్టారుకు సుమారు 50 కిలోలు, అంతకంటే పెద్దవాటిది సుమారు 12 కిలోలే. నాగార్జునసాగర్ వంటి మహా జలాశయంలో పూర్తిమట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. ఆ 80 అడుగుల తేడాలో అంచులు ఎన్నిసార్లు ఎండి మునుగుతాయో ఊహించండి. అక్కడ ఈ లెక్క మొత్తం నీటికి కాకుండా ఒక్కో మడుగుకు విడిగా వేసుకోవడం మేలు.

ఎనిమిదో మెట్టు: వదిలే రోజు

ఉదయమో సాయంత్రమో. సంచులను మూతి విప్పకుండా నీటిపై పావుగంట తేలనివ్వండి, తర్వాత కొద్దికొద్దిగా జలాశయం నీరు కలపండి, పిల్లలు వాటంతట అవే బయటికి ఈదాలి. ఎత్తి గుమ్మరించకూడదు. ఆనకట్ట, తూము, అలుగు దగ్గర వదలవద్దు. ప్లవకాల కొలతలో ముందున్న మూడు నాలుగు మడుగులకు పడవల్లో తీసుకెళ్లి పంచండి. గట్టు మీద వదిలితేనే ఫొటో బాగా వస్తుందని తెలుసు, ఒక సంచి అక్కడ వదిలి మిగతావి తీసుకెళ్లండి.

ఇంకో పని మరవకండి. లెక్కపెట్టిన వంద పిల్లలను ఒక హాపాలో (నీటిలో కట్టే గుడ్డ వల తొట్టిలో) వేసి అదే నీటిలో రెండు రోజులు ఉంచండి. ముప్పై చనిపోతే ఆ నష్టం ప్రయాణానిదీ, విత్తనానిదీ, జలాశయానిది కాదు. రేపు విత్తనం ఇచ్చినవారితో మాట్లాడటానికి ఇంతకంటే గట్టి ఆధారం లేదు.

తొమ్మిదో మెట్టు: వదిలాక చూడటం

రెండు వారాలకోసారి వదిలిన మడుగుల్లో చిన్న వల వేసి పది పిల్లలను పట్టండి. పొడవు, బరువు రాయండి. బరువు గ్రాముల్లో తీసుకుని, వందతో హెచ్చించి, సెంటీమీటర్లలో ఉన్న పొడవు ఘనంతో (పొడవు × పొడవు × పొడవు) భాగించండి. 10 సెంటీమీటర్ల పిల్ల 12 గ్రాములుంటే 1.2 వస్తుంది. అదే రకం చేపలో ఈ అంకె వారం వారం పడిపోతుంటే పిల్లకు తిండి సరిపోవడం లేదు.

రెండు పిల్లలను కోసి పేగు చూడండి. బొచ్చె పేగు నిండుగా ఉండి, గాజుపలక మీద పిండితే దాఫ్నియా పెంకులు, నల్లటి కంటి చుక్కలు కనిపిస్తే బాగుంది. పేగు ఖాళీగా, పసుపు పైత్యంతో జారుడుగా ఉంటే ఆ మడుగులో మేత అయిపోయింది. అప్పుడు ప్లవకాల కొలత, ఔట్‌ఫ్లో అంకె పక్కపక్కన పెట్టి చూడండి. గేట్లు తెరిచిన వారమే పేగులు ఖాళీ అయ్యాయని తేలితే, మరుసటి ఏడు వదిలే తేదీని దాని ప్రకారం జరపాలి. పేగులు ఖాళీగా ఉండీ ప్లవకాలు బాగానే కనిపిస్తుంటే, ముందు ఆక్సిజన్ చూడండి.

ఫిబ్రవరి తర్వాత మరో నిర్ణయం ఎదురవుతుంది. కాలువలకు నీరు పోతూ మట్టం తగ్గేకొద్దీ పిల్లలు, వాలుగలు, పరకలు అన్నీ ఒకే ఇరుకు నీటిలోకి చేరతాయి. మింగేవాటికి పండగ అప్పుడే. కనీస మట్టానికి ఎన్నాళ్లలో చేరుతుందో నీటి విడుదల షెడ్యూలు చూసి అంచనా వేసుకుని, అంతకు నెల ముందు నుంచే పెద్ద కన్ను వలలతో వాలుగను, మార్కెట్ సైజుకు వచ్చిన బొచ్చెను తీయడం మొదలుపెట్టండి. 300 గ్రాములు దాటని చేపను మాత్రం, మడుగులో వేసవికి కూడా మీటరున్నర లోతు నిలిచే నమ్మకం ఉంటే వదిలేయండి. ఆ నమ్మకం లేని ఏడు, ఎండిపోయే మడుగు నుంచి వాటిని లోతున్న వైపుకు తరలించడానికి ఒక ఉదయం, రెండు పడవలు చాలు.